ఊడ్చిన జాగా

“అన్నం ఆపెయ్యమన్నరు!”

ఆ మాట అంటూనే వంట బొజ్జయ్య పొయ్యిలోంచి మండుతున్న కట్టెలు బయటికి లాగి నీళ్లు కుమ్మరించాడు. పెద్ద గంజులో సగం ఉడికిన బియ్యం బిక్కమొహం వేసింది. పేరులోనే బొజ్జ ఉన్నవాడు, ఊరి బొజ్జలు నింపడమే పనిగా పెట్టుకున్నవాడు, ఊరికే పొయ్యి ఆర్పడు. 

“ఎవలన్నరు బొజ్జన్నా?”

“ఖమ్మం పెద్దసారు. గా ఫోన్ల ఒర్రుతుండు. ‘అన్నం ఆప్ చెయ్, అన్నం ఆప్ చెయ్’ అని. కిటికీల నుంచి చెవులార ఇన్న సారూ. ఒక్కసారి గాదు, మల్ల మల్ల అన్నడు. నేను అన్నం ఆపకుంటె నా నౌకరి ఆపుతరు.”

“దేనికి ఆపమన్నడు?”

“గది నువ్వే అడుగు. నేను వార్డులల్ల చెప్పొస్త. పల్లాలు పట్టుకొని కూసున్నరు పాపం.”

తువ్వాలు భుజాన వేసుకుని వర్షంలో వరండా దాటిపోయాడు.

నా పేరు హరిలాల్. భద్రాచలంలో గిరిదీపం ట్రస్టు దవాఖానాకు పీఆర్వోని. పీఆర్వో అంటే పేషెంట్ల రొద ఓర్చుకునేవాడని నా సొంత అర్థం. ఆ వారం రొద మరీ ఎక్కువగా ఉంది. గోదారి పెరిగితే దారి తరుగుతుంది కదా. వంతెన మీద రాకపోకలు ఆపేశారు, ఖమ్మం రోడ్డు వాగుల పాలయింది. మా దవాఖానాకు రెండు బిల్డింగులు. పాతది ఒడ్డు వైపు పల్లంలో, కొత్తది మిట్ట మీద. పాత బిల్డింగు మెట్లు మునగగానే మంచాలు, మనుషులు, మందులు, చివరికి బొజ్జయ్య పొయ్యి కూడా మిట్టెక్కాయి. పొయ్యికి దొరికిన చోటు కంప్యూటర్ గది వెనక వరండా. అందుకే కిటికీకి ఇవతల బియ్యం, అవతల ఇంజనీర్లు, రెండూ ఒకే సెగకు ఉడుకుతున్నాయి.

ఆ గదిలోకి వెళ్లాను. నాగలక్ష్మి ఒక్కతే ఉంది. చర్ల దారిలో అడవిపల్లె పిల్ల, పాలిటెక్నిక్ చదివి మా దగ్గర కంప్యూటర్లు చూసుకుంటోంది. టేబుల్ మీద స్పీకర్ పెట్టిన ఫోను. అందులోంచి ఖమ్మం నుంచి శ్రీధర్ గొంతు. మా మిషన్లు అమ్మిన కంపెనీ తరఫు ఇంజనీరు.

“నాగలక్ష్మీ, ఇంకోసారి అన్‌మ్యాప్ చెయ్! అన్‌మ్యాప్ చెయ్!”

“చేసిన సార్. ఒప్పుకుంటలేదు. పాత డబ్బా గద, ఆ మాట దానికి రానే రాదంట.”

అన్‌మ్యాప్ చెయ్. అన్నం ఆప్ చెయ్. మామూలు రోజైతే దీని మీద జోకులేసుకుంటూ నేను వారం బతికేవాణ్ని. కిటికీలోంచి బొజ్జయ్యను కేకేశాను. రేకుల మీద వానచప్పుడు తప్ప బదులు లేదు. వెంటపడి పట్టుకుందామని తిరిగేసరికి గుమ్మంలో డాక్టర్ హేమలత నిలబడి ఉంది.

“రెడ్యా స్కాన్ బొమ్మలేవీ?”

నా నవ్వు నోట్లోనే ఆగిపోయింది.

రెడ్యా ఆ పొద్దున వచ్చిన కేసు. సారపాక వైపు జామాయిల్ దుంగలు లారీకి ఎక్కిస్తుంటే తడి దుంగ ఒకటి జారి తలకు తగిలింది. వంతెన ఆపే ముందు చివరగా దాటించిన మనుషుల్లో అతనొకడు. పాత బిల్డింగులో ఉన్న సీటీ మిషన్లో స్కాన్ తీశారు. తీయడం పూర్తవుతూనే నీళ్లు గడప దాటాయి, అక్కడ కరెంటు తీసేశారు. తలలో రక్తం గడ్డకట్టిందని స్కాన్ తీసిన కుర్రాడు కళ్లతో చూశాడు. ఎడమ పక్కన అని చెప్పగలిగాడు. ఆ ఎడమ పక్కన ఎక్కడ, ఎంత లోతు అన్నది బొమ్మల్లోనే ఉంది. బొమ్మలు మాత్రం మిట్ట మీది ఈ గదిలోకి వచ్చి చేరాయి.

“వచ్చినయ్ మేడమ్. లోపలనే ఉన్నయ్. గని బొమ్మల మిషన్ బిగుసుకపోయింది” అంది నాగలక్ష్మి.

“అంటే?”

ఆ అంటేని నాకు అర్థమైన భాషలో చెబుతాను. ఆ గది మూలన ఫ్రిజ్ అంత డబ్బా ఒకటి ఉంది. దవాఖానా ఫైళ్లన్నీ దాచే డబ్బా అది, దాన్ని ‘అరే’ అంటారట. మా వైపు గదిని అర్ర అంటాం. అర్రలో అరే, నిండితే అందరమూ అర్రే! దవాఖానాలో పది కంప్యూటర్లు ఉన్నట్టు కనిపిస్తాయి గానీ, నిజానికి అవన్నీ రెండు ఇనుప పెట్టెల్లో వేషం కట్టిన కంప్యూటర్లు. బొమ్మలదొకటి, రక్తనిధిదొకటి, కెమెరాలదొకటి, ఇంకా ఇలాంటివి. అన్నీ ఆ ఒక్క డబ్బాలోంచే తింటాయి. ఒక్కొక్కదానికి కొండంత జాగా ఇచ్చామని చెబుతారు గానీ, తిన్నంతే వడ్డిస్తారు. దీన్ని ‘థిన్’ పద్ధతి అంటారట. థిన్ అంటే సన్నమని ఇంజనీర్లు అంటారు. నాకు తెలిసిన తిన్ వేరే.

చిక్కల్లా ఎక్కడంటే, బంతిలో ఒకడు తిని లేచి చెయ్యి కడుక్కుని వెళ్లిపోయినా, వడ్డించేవాడికి ఆ సంగతి తెలియదు. అతని విస్తరి ఇంకా అక్కడే ఉందనుకుంటాడు. కంప్యూటర్లో ఫైలు చెరిపేసినా డబ్బా దృష్టిలో ఆ జాగా నిండినట్టే. ‘వాడు లేచిపోయాడు, ఆ చోటు ఖాళీ’ అని వడ్డించేవాడికి చెప్పడమే అన్‌మ్యాప్. మా డబ్బాకు ఆ మాట వినపడదు. వరద మూలంగా మూడు మండలాల రోగులు వచ్చిపడ్డారు, ఎక్స్‌రేలు పెరిగాయి, పంక్తి నిండింది. అడుగున కాస్తే మిగిలింది. బొమ్మల మిషన్ ముద్ద పెద్దది. దానికి చాలక ముద్ద నోటి దగ్గరే ఆగి బిగుసుకుంది.

“వేరే దాంట్లకి ఎక్కియ్యరాదా?” అన్నాను.

“వేరేది పాత బిల్డింగుల ఉండె అన్నా. దాని కరెంటు పొద్దుగాలనే తీసేసిన్రు. ఇగ ఉన్నది గిదొక్కటే.”

డాక్టరమ్మ గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. “నాగలక్ష్మీ, థియేటర్ రెడీ అవుతోంది. జనరేటర్ మీద నడపాలి, ఎక్కువసేపు ఆగలేను. బొమ్మలు లేకపోతే చీకట్లో తెరిచినట్టే. పుర్రె తప్పు చోట తెరిస్తే మళ్లీ తెరవడానికి అతనికి బలం ఉండదు.”

భద్రాచలంలో ఆ రోజు కోతలు చాలా ఉన్నాయి. ఒడ్డుకు గోదారి కోత, కింద కరెంటు కోత, పైన డాక్టరమ్మ కోయాల్సిన కోత. నేను ఎప్పుడూ కోసే కోతలు మాత్రం నోట్లోంచి ఒక్కటీ రాలేదు.

“భయం లేదు మేడమ్” అంది నాగలక్ష్మి. ఆమె ముఖంలో నిజంగానే భయం లేదు. “ఇసొంటి ఆపద కోసమే నేను ఒక జాగా పెట్టి ఉంచిన. పెద్దదే. దాన్ని వదిలిపెడితె బొమ్మల మిషన్ గంతుతోని లేస్తది.”

కీబోర్డు మీద వేళ్లు ఆడించింది. తెర మీద జాబితా పైకీ కిందికీ దొర్లింది. ఇంకోసారి దొర్లింది. ఆమె చూపుడువేలు గాలిలో ఆగిపోయింది.

“సార్” అంది ఫోనులోకి, మెల్లగా. “నేను పెట్టిన జాగా, నా వాల్యూమ్ ఏది?”

“ఏ వాల్యూమ్?”

“పేరు పెట్టలే. నిండ సున్నాలతోని ఉంటది. అడుగున ఉండె.”

ఫోనులో ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు. 

“అదా...” అన్నాడు శ్రీధర్. గొంతులో ఒర్రుడు పోయింది. “పోయిన వారం వాడని జాగాలన్నీ ఏరినప్పుడు అదీ దొరికింది. పేరు లేదు, లోపల ఒక్క అక్షరం లేదు. సున్నాలే. ఖాళీది కదాని తీసేసి అందరూ వాడుకునే పూల్‌లో కలిపేశా.”

“ఖాళీది గాదు సార్. ఊడ్చి పెట్టిన.”

“ఊడ్చిందంటే ఖాళీ అనేగా అర్థం!”

“మా దగ్గర గాదు సార్!”

ఆ పిల్ల గొంతు పెంచడం నేను అంతకుముందెప్పుడూ వినలేదు. డాక్టరమ్మ కూడా తలెత్తి చూసింది.

“ఇప్పపువ్వు రాలే ముందట మేము చెట్టు కింద ఆకులన్నీ ఊడ్చి కాల్చి పెడ్తం. ఊడ్చి ఉన్నదంటె ఆ చెట్టుకు మనిషున్నట్టు. ఇంకెవరు ఆడ కాలు పెట్టరు, ఒక్క పువ్వు ఏరరు. ఆకులు పడి ఉంటేనే అది ఎవలది గాని చెట్టు. నేను గట్లనే పెట్టిన సార్. ఒక్క అక్షరం లేకుంట ఊడ్చి, సున్నాలు నింపి పెట్టిన. అది చూస్తె ఎవలదో ఉన్నదని తెల్వదా?”

“నాకెట్లా తెలుస్తుంది తల్లీ? మాది మధిర. మా ఇంటి ముందు వేపాకు తప్ప ఇంకేం రాలదు. ఒక పేరన్నా రాసి పెట్టాల్సింది.”

“చెట్టుకు పేరు రాస్తమా?”

 తప్పు ఇద్దరిదీ, ఇద్దరిదీ కాదు. ఆమె ఊడ్చింది కాపలా అనుకుంది. అతను ఊడ్చింది ఖాళీ అనుకున్నాడు. పూల్‌లో కలిసిన ఆ జాగాను వరద ఎక్స్‌రేలు ఎప్పుడో తినేశాయి. పూల్ అంటే ఇంగ్లీషులో చెరువు, మనకు పూలు. ఆ పూట మాత్రం మేమంతా ఫూల్స్.

“హరిలాల్ గారూ, రెడ్యా భార్యను పిలుచుకు రండి. ఆపరేషన్ గురించి ఆమెతో మాట్లాడాలి” అంది డాక్టరమ్మ.

వార్డుకు పరుగెత్తాను. అక్కడ చూసింది నేను ఊహించలేదు. జనం మూటలు కడుతున్నారు. ఒక ముసలాయన సెలైన్ సీసా చేత్తో పట్టుకుని చెప్పులు వెతుక్కుంటున్నాడు. బొజ్జయ్య చెప్పిన కబురు గడప గడప దాటి పెరిగి పెద్దదయింది. అన్నం ఆపిన్రట. ఎందుకు? దవాఖానా ఖాళీ చేయిస్తరట. ఎందుకు? నీళ్లు మిట్టెక్కుతున్నయట. నోటికి అందాల్సిన ముద్ద ఆగితే నోటికొచ్చిన మాట ఆగదు.

రెడ్యా మంచం మీద లేడు. ర్యాంపు మీద ఉన్నాడు! చక్రాల స్ట్రెచర్‌ను అతని భార్య ద్వాలి ఒక పక్క, తండా మనుషులు ఒక పక్క తోస్తున్నారు. కింద నీళ్ల అంచున ఒక నాటు పడవ ఊగుతోంది. ఎర్రటి గోదారిలో చెట్ల మొదళ్లు కొట్టుకుపోతున్నాయి.

అడ్డంగా వెళ్లి స్ట్రెచర్ పట్టుకున్నాను. “ఎటు ద్వాలీ? ఏం చేస్తున్నవ్?” నాదీ తండానే, మా తండా మాటలోనే అడిగాను.

“అవతలి ఒడ్డుకు. ఆడికెళ్లి ట్రాక్టర్ దొరుకుతది. ఖమ్మం కొండబోత.”

“గా నీళ్లల్ల? పడవ బోల్తా కొడ్తది.”

“ఈడుంటె మాత్రం బతుకుతడా?” ఆమె కళ్లలో నీళ్లు లేవు, నిప్పులున్నాయి. “పొద్దున్నుంచి బొమ్మలు బొమ్మలు అంటున్నరు. బొమ్మలు రాలే. ఇప్పుడు అన్నం గూడ ఆపిన్రు. అన్నం ఆపిన ఇంట్ల చుట్టం ఉంటడా అన్నా? పొమ్మని చెప్పుడే గద అది!”

“అన్నం ఎవరూ ఆపలేదు చెల్లే. బొజ్జయ్య తప్పు ఇన్నడు. కంప్యూటర్ మాట ఒకటున్నది, దాన్ని...”

“నీ మాటలు అందరికి ఎరికనే అన్నా. అన్నీ వంకర టింకర మాటలే. గిప్పుడు నాకు నవ్వుడు రాదు.”

చెంప మీద కొట్టినట్టయింది. పాతికేళ్లుగా నవ్వించి బతికినవాడికి ఒక్కసారి నిజం చెప్పాల్సి వస్తే, ఆ నిజం కూడా జోకులాగే వినపడుతుంది. స్ట్రెచర్ మీద రెడ్యా గొంతులో గురగుర. వానచుక్క అతని కనుబొమ్మ మీద పడింది. కన్ను కదలలేదు.

“మాట నమ్మకు” అన్నాను. “వచ్చి చూడు. బొమ్మలు ఏడ ఉన్నయో, ఎవరు తీస్తున్నరో నీ కళ్లతోని చూడు. చూసినంక కూడ పోతనంటె, పడవల నేను గూడ ఎక్కుత.”

తండా మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ద్వాలి నీళ్ల వైపు చూసింది. పెద్ద మొద్దు ఒకటి తిరుగుతూ వచ్చి పడవను రాసుకుంటూ పోయింది. పడవ చాలాసేపు ఊగింది.

“మనిషిని లోపలికి తీస్కపోండ్రి. నేను చూసొస్త” అంది.

కంప్యూటర్ గదిలోకి అడుగుపెట్టేసరికి ఫోనులో శ్రీధర్ తొందరపడుతున్నాడు. “ఇంకో దారి ఉంది. కెమెరాల మిషన్లో పాత ఫుటేజీ అంతా చెరిపెయ్. తర్వాత ఆ మిషన్లో ఉన్న ఖాళీ జాగా మొత్తం సున్నాలు నింపు. డబ్బాకు అన్‌మ్యాప్ రాదు గానీ సున్నాలు గుర్తుపట్టడం వచ్చు. సున్నాలున్న జాగాను వెనక్కి లాక్కుంటుంది.”

సున్నాలు నింపడమంటే గోడకు సున్నం కొట్టడం లాంటిదే కదా, ఇంకేం ఆలస్యం అనుకున్నాను. నాగలక్ష్మి తల అడ్డంగా ఊపింది.

“వద్దు సార్. ఆ మిషన్‌కు మనం కొండంత ఇచ్చినమని చెప్పినం గద. ఖాళీ అంటె అది ఎప్పుడూ తిననిది గూడ ఖాళీ అనే అనుకుంటది. ఆడ సున్నాలు రాస్తె డబ్బా కొత్తగ వడ్డియ్యాలె. అడుగున ఉన్న కాస్త అయిపోతది. రక్తనిధి మిషన్ గూడ ఆగుతది. ఆపరేషన్‌కు రక్తం ఎట్ల?”

శ్రీధర్ ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. “అవ్... నిజమే. తొందరల ఆ సంగతే మరిచిన.” కంగారులో అతని మధిర మాట కూడా మా మాటలోకి జారింది.

ద్వాలి గోడకు ఆనుకుని ఆ డబ్బా వైపే చూస్తోంది. ఆకుపచ్చ దీపాలు మిణుకుమిణుకుమంటున్నాయి. “మా ఆయన బొమ్మలు గిండ్లనే ఉన్నయా?” అంది. ఉన్నాయని తలూపాను.

నాగలక్ష్మి ఆమె వైపు చూసి, తెర వైపు చూసింది. తర్వాత ఫోను దగ్గరికి వంగింది.

“సార్, మీ డబ్బా ఊడ్చిన జాగాను చూస్తె ఏమనుకుంటది?”

“ఖాళీ అనుకుంటుంది.”

“పక్కానా?”

“పక్కా. నేననుకున్నట్టే అనుకుంటుంది.”

“అయితె అనుకోనియ్యండ్రి. చెరిపినంక ఊడుస్తెనే గద కొత్త జాగా అడిగేది? చెరపకముందే ఊడుస్త. పాత ఫుటేజీ ఫైళ్లు ఏడున్నయో ఆడనే, వాటి మీదనే సున్నాలు రాస్త. ఉన్న విస్తరిల్నే ఊడ్చుడు. ఫైలు కూసున్న చోటు ముందే వడ్డించింది గద, కొత్త ముద్ద అడగదు.”



“కెమెరా సాఫ్ట్‌వేర్ ఫైళ్లను ఒక్కచోటే పెడుతుంది, కదపదు” అన్నాడు శ్రీధర్, తనలో తాను లెక్కవేసుకుంటూ. “ఉన్నచోటే రాస్తే... అవ్, అవుతుంది. కానీ ఆ మిషన్ ఎక్కడైనా కొత్త చోటుకు రాసిందంటే అంతే సంగతులు. ముందు చిన్న ఫైలు మీద చూడు. అడుగున మిగిలింది ఒక్క గీత తగ్గినా ఆపెయ్.”

గుమ్మం దగ్గర డాక్టరమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి తలకు టోపీ, మెడలో మాస్కు. “ఒక కంటిపాప పెద్దదవుతోంది, తలలో ఒత్తిడి పెరుగుతోంది” అంది ద్వాలికి వినపడకుండా. నాకు వినపడింది. “ఇక లోపలికి తీసుకెళ్తున్నాను. మత్తు ఇచ్చి, గుండు చేసి, శుభ్రం చేసేదాకా మీకు సమయం. ఆ తర్వాత బొమ్మలున్నా లేకున్నా కత్తి పెట్టాల్సిందే.” ద్వాలి భుజం మీద చెయ్యి వేసి నాలుగు మాటలు చెప్పింది. ద్వాలి విన్నది. “నువ్వు కొయ్యమ్మా” అంది. “గని చూసి కొయ్యి.”

నాగలక్ష్మి చిన్న ఫైలు ఒకటి ఎంచుకుంది. ఎండాకాలం నాటి గేటు కెమెరా. తెర మీద ఒక మూలన అడుగున మిగిలిన జాగా చూపే సన్నటి ఎర్రగీత. మీట నొక్కింది. ముగ్గురం ఆ గీతకేసి చూస్తున్నాం. ఊపిరి పీలిస్తే తగ్గుతుందేమోనన్నట్టు నేను ఊపిరి కూడా పీల్చలేదు.

గీత తగ్గలేదు.

“నిలబడ్డది సార్!”

“అయితే ఊడ్చెయ్. మొత్తం!”

పాత ఫుటేజీ అంతా వరసగా సున్నాలైపోతోంది. గేటు, మెట్లు, మందుల షాపు ముందు క్యూ. నేను కాంటీను దగ్గర నిలబడి జనానికి కోసిన కోతలన్నీ ఆ కెమెరాల్లోనే ఉన్నాయి. మూగ కెమెరాలు కాబట్టి లోకానికి పెద్ద నష్టం లేదు. మిషన్ ఫ్యాన్ల హోరు పెరిగింది. వాన హోరు దానికి తోడైంది. ఎర్రగీత అక్కడే, సన్నగా, వెంట్రుకలా.

“అయిపోయింది సార్. ఊడ్చిన. ఇగ మీరు లాగుండ్రి.”

“లాగుతున్నా. డబ్బాకు ఆర్డర్ ఇస్తున్నా, ఒక్క...”

ఫోను చచ్చిపోయింది.

“సార్? సార్!”

సిగ్నల్ గీతలన్నీ పోయాయి. ఊరంతా పోయినట్టుంది. నా ఫోను చూశాను, అదీ అంతే. డబ్బా తాళం, అంటే దాని పాస్‌వర్డు, శ్రీధర్ చేతిలో ఉంది. అతను ఆర్డర్ ఇచ్చాడో, ఇవ్వబోతుండగా ఫోను పోయిందో ఎవరికీ తెలియదు. నెట్టు కేబుల్ మీద నడుస్తోందా, అదీ పోయిందా? నాగలక్ష్మి కుర్చీలో బిగుసుకుపోయింది, ఆ బొమ్మల మిషన్ లాగే.

“ఇప్పుడేం చెయ్యాలె?” అంది ద్వాలి.

“చూసుడే అక్కా. ఊడ్చినంక పువ్వు రాలేదాక కూసోవాలె. కొమ్మ ఊపొద్దు.”

కూర్చున్నాం. థియేటర్ వైపు నుంచి ఒక నర్సు పరుగున వచ్చి తొంగిచూసి, మా ముఖాలు చూసి, ఏమీ అడగకుండా వెళ్లిపోయింది. ద్వాలి పెదవులు కదులుతున్నాయి. ఏ దేవతకు మొక్కుతోందో నాకు తెలుసు, మా తండా దేవతే. నేనూ మొక్కాను. ఆ దేవతకు కంప్యూటర్ వచ్చా రాదా అన్న జోకు మనసులోకి వచ్చింది. దాన్ని అక్కడే చంపేశాను.

డబ్బాలో ఒక దీపం ఆకుపచ్చ నుంచి పసుపుకు మారింది.

“పనిజేస్తున్నది” అంది నాగలక్ష్మి గుసగుసగా. “చదువుతున్నది. ఊడ్చిందాన్ని చదువుతున్నది.”

ఎర్రగీత కదిలింది. మొదట నా కళ్లే అనుకున్నాను. కాదు. గీత లావైంది. వేలంత, తర్వాత అరచేయంత. ఎరుపు పోయి నారింజ వచ్చింది. నాగలక్ష్మి బొమ్మల మిషన్ మీద మీట నొక్కింది. తెర నల్లగా ఒక్క క్షణం నిలబడి, దగ్గినట్టు ఒకసారి వెలిగి, బతికింది. వరసగా బొమ్మలు దిగాయి. నల్లటి మీద తెల్లటి ఎముక గుండ్రాలు, ఒకదాని వెనక ఒకటి, ఒక మనిషి తల లోపలి లోకమంతా.

“మేడమ్! థియేటర్ల తెర చూడుండ్రి, వచ్చినయ్!” నేను కారిడార్‌లో అరిచిన అరుపుకు మైకు అక్కర్లేదు. జీవితంలో మొదటిసారి నా గొంతు పెద్దదైనందుకు ఎవరూ తిట్టలేదు.

తర్వాత జరిగింది మేము చూడలేదు, తలుపు చూశాం. పొద్దు వాలుతుండగా ఆ తలుపు తెరుచుకుని డాక్టరమ్మ బయటికి వచ్చింది. మాస్కు దించింది.

“నేను తల ముందువైపు తెరుద్దామనుకున్నాను. గడ్డ చెవి వెనక ఉంది. బొమ్మ లేకపోతే ఖాళీ చోట తెరిచేదాన్ని” అంది. తర్వాత ద్వాలి చేతులు పట్టుకుంది. “చూసే కోశాను తల్లీ. నా వేలు పట్టుకుని నొక్కాడు మీ ఆయన.”

ద్వాలి నేల మీద కూలబడి ఏడ్చింది. అప్పుడు వచ్చాయి నీళ్లు, పొద్దున్నుంచి ఎక్కడ దాచిందో.

ఫోను బతికింది. “వచ్చినయా?” అన్నాడు శ్రీధర్ మొదటి మాటగా. వచ్చినయని చెప్పాం. తర్వాత, “మళ్లీ ఒక జాగా ఊడ్చి పెట్టు నాగలక్ష్మీ. ఈసారి పేరు రాయి, నాలాంటోడికి అర్థమయ్యేటట్టు” అన్నాడు.

“రాసిన సార్.”

“ఏమని?”

“‘ఊడ్చింది, ఎవలదో ఉన్నది’ అని.”

శ్రీధర్ నవ్వాడు. ఆ నవ్వు మీదికి వరండాలోంచి పెద్ద గలాటా వినిపించింది. మర్చేపోయాం. దవాఖానా అంతా మూటలతో వరండాలో నిలబడి ఉంది. మధ్యలో బొజ్జయ్య, చేతిలో గంటె, చుట్టూ ఆకలి. “మూసేస్తరా, ఉంచుతరా, ఏదో ఒకటి చెప్పుండ్రి!” అని సెలైన్ సీసా ముసలాయన అరుస్తున్నాడు.

ఫోను స్పీకర్ పెట్టి బల్ల ఎక్కాను. “శ్రీధర్ సారూ, పొద్దున మీరన్న మాట ఇంకోసారి అనుండ్రి. జర గట్టిగ.”

“ఏ మాట? అన్‌మ్యాప్ చెయ్ అన్నా.”

“ఇన్నరా అందరు? అన్‌మ్యాప్! డబ్బాల వాడని జాగా ఉంటె వదిలిపెట్టు అనే మాట అది. మన బొజ్జన్న కిటికీ అవతల ఉండి ‘అన్నం ఆప్’ అని ఇన్నడు. దవాఖానా ఎవరూ మూస్తలేరు. నీళ్లు మిట్టెక్కుతలేవు. ఆగింది అన్నం ఒక్కటే, అదీ ఎవరూ ఆపమనకుండనే!”

 ముసలాయన నవ్వు మొదలుపెట్టాడు, సెలైన్ సీసా ఊగేటట్టు. నవ్వు వరండా చివరిదాకా పోయింది. మూటలు దిగాయి.

“నన్ను జూసి నవ్వుతరేంది?” బొజ్జయ్య గంటె ఊపాడు. “మా దవాఖానాల ఇంగ్లీషుల ఒర్రితె నేనేం జేస్త? నాకు ఎరికున్నది అన్నమొక్కటే. ఏ మాట ఇన్నా గదే ఇనపడ్తది.” తర్వాత ద్వాలి కనిపించింది. గొంతు తగ్గించాడు. “బిడ్డా, నీకు గూడ అన్నం ఆపిన. పాపం జేసిన.”

ద్వాలి కళ్లు తుడుచుకుంది. ఆరిపోయిన పొయ్యి దగ్గరికి వెళ్లి తడిసిన కట్టెలు పక్కకు తీసి పొడి కట్టెలు పేర్చింది.

“ఆపింది ఆపినవ్ గని, పొయ్యి ఎలిగించు బాబాయ్” అంది. “లేచినంక ఆయనకు ఆకలైతది.”